విశాఖకు సొంత నాట్యోత్సవం కావాలా, ఉత్సవ్‌లో ఒక సాయంత్రం చాలా?

బీచ్‌రోడ్డు_బాటసారి

ఒడిశా పర్యాటక శాఖ కోణార్క్‌లో ఏటా డిసెంబరు 1 నుంచి 5 వరకు నాట్యోత్సవం జరుపుతుంది. ఈ ఏడాది తేదీలేమిటని ఎవరూ అడగనక్కర లేదు, వచ్చే ఏడాదివి కూడా అవే. 2024లో అక్కడ రెండు దశాబ్దాలు దాటిన ప్రభుత్వం మారిపోయింది, ఉత్సవం మాత్రం ఆ డిసెంబరులోనూ అవే తేదీల్లో జరిగింది. మన విశాఖ ఉత్సవ్ 1990ల చివరి నుంచి ఉన్నా, ఒకసారి డిసెంబరు ఆఖరున, ఒకసారి సంక్రాంతి దాటాక, కొన్నేళ్లు అసలే లేకుండా నడుస్తోంది. అందులో శాస్త్రీయ నృత్యానికి దక్కేది సినీ సంగీత విభావరికి జనం చేరేలోపు మిగిలిన సాయంత్రపు వేళ. కూచిపూడి నర్తకి శోభానాయుడు గారు పుట్టిన అనకాపల్లి మనకు గంట దూరంలో ఉంది, వీధివీధినా కూచిపూడి నేర్పే ఇళ్లున్నాయి. అయినా నాట్యం చూడటానికి ఈ ఊరికి రమ్మని బయటివారిని పిలవడానికి మన దగ్గర ఒక తేదీ లేదు. ఉత్సవ్‌తో సంబంధం లేకుండా విశాఖకు విడిగా ఒక నాట్యోత్సవం అడగవచ్చా, అడిగితే ఎవరిని అడగాలి అన్నదే ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నట్టువాంగం

పిల్లలకు నేర్పుతూ, అవకాశం వచ్చినప్పుడు వేదిక ఎక్కే దాన్ని కనుక లోపలి సంగతి చెబుతాను. ఉత్సవ వేదికల మీద మాకు ఇచ్చేది పది పన్నెండు నిమిషాలు. కూచిపూడి వారి భామాకలాపం నాటకంలో సత్యభామ తెర వెనుక నుంచి జడ ముందుకు వేసి తన పేరూ గొప్పా చెప్పుకునే ప్రవేశ దరువును నిదానంగా పట్టితే ఆ పన్నెండు నిమిషాలూ దానికే సరిపోతాయి. రాత్రంతా ఆడిన కలాపాన్ని కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారి తరం రెండు మూడు గంటల నృత్యనాటకాలుగా తీర్చింది, మేము ఇప్పుడు దానిని ప్రకటనల మధ్య వచ్చే ముక్కగా కోస్తున్నాం. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే మొదట తగ్గేది మా సమయమే. ఆయన వచ్చాక ఆట మధ్యలో ఆపి శాలువాలు, జ్ఞాపికలు ఇవ్వడం కూడా చూశాం. అప్పుడు అభినయిస్తున్న పిల్ల వేదిక పక్కన చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ తర్వాత ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి పాట పెట్టమంటారు, వాద్య బృందానికి డబ్బు లేదు కాబట్టి అది ఎలాగూ ట్రాకే, అంటే ముందే రికార్డు చేసిన పాటే.

పన్నుకట్టేవాడు

మీ బాధ అర్థమవుతోంది కానీ ఇంకో వైపు కూడా చూడాలి. సినిమా పాటల రాత్రికి బీచ్ నిండుతుంది, నాట్యానికి ముందు రెండు వరసలు నిండితే గొప్ప. ప్రభుత్వం డబ్బు అంటే అందరి డబ్బు. రోడ్డు మీద గుంతలుండగా కొద్దిమంది అభిరుచికి విడిగా ఉత్సవం దేనికి? కళాభారతి హాలులో టికెట్ పెట్టి ఆడుకోండి, ఇష్టమున్నవారు వచ్చి చూస్తారు.

లాబీ_డెస్కు

పన్నుకట్టేవాడు గారూ, హోటల్‌లో పని చేస్తూ ఈ ప్రశ్నను రోజూ చూస్తున్నవాడిగా ఒక మాట. బీచ్ నింపే జనంలో ఎక్కువ మంది ఊళ్లోవారే, ఆ రాత్రే ఇంటికి వెళ్లిపోతారు. దాని వల్ల పర్యాటకం పెరిగిందని లెక్క వేయడం కష్టం. మాకు గదులు నింపేది దసరా సెలవులకూ, డిసెంబరులోనూ వచ్చే బెంగాలీ కుటుంబాలు. వారు ఉదయం అరకు రైలెక్కుతారు, మర్నాడు సింహాచలం, కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం చూస్తారు, సాయంత్రం ఆరు తర్వాత ఏం చూడాలని మమ్మల్ని అడుగుతారు. చెప్పడానికి మా దగ్గర సముద్రం తప్ప ఏమీ ఉండదు. రాత్రిపూట ఒక మంచి కార్యక్రమం ఉంటే వారు ఇంకో రోజు ఆగుతారు, ఆ ఒక్క రోజులోనే ఆటోవాడి నుంచి భోజనశాల దాకా అందరికీ ఆదాయం.

అయితే తేదీ ముందే తెలియాలి. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తున్నారు, అంతకుముందు నూట ఇరవై రోజులుండేది. రెండు మూడు వారాల ముందు ఫ్లెక్సీ కట్టి ప్రకటించే ఉత్సవానికి కోల్‌కతా నుంచి గానీ హైదరాబాదు నుంచి గానీ ఎవరూ టికెట్ తీసుకుని రాలేరు. మామల్లపురంలో తమిళనాడు పర్యాటక శాఖ డిసెంబరు ఆఖరు నుంచి జనవరి దాకా నాట్యం పెట్టిందంటే, విదేశీయులు దక్షిణాదికి వచ్చే కాలం అదే కాబట్టి. అక్కడ ఎవరికీ ఉచిత వినోదం పంచాలన్న ఆలోచనతో మొదలుపెట్టలేదు.

గంగవంశం

కోణార్క్ మాట వచ్చింది కనుక మన ఊరి వాటా కూడా చెప్పుకోవాలి. పదమూడో శతాబ్దంలో కోణార్క్ సూర్యదేవాలయం కట్టించిన తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుని పేరే సింహాచలం శాసనంలోనూ ఉంది. గర్భగుడి, ముఖమండపం, నాట్యమండపం నల్లరాతితో కట్టించిన సంగతి అందులో కనబడుతుంది. అంటే ఒకే రాజు కాలంలో లేచిన రెండు కట్టడాల్లో ఒకదాని ఎదుట ఆరుబయట రంగస్థలం వేసి దేశం నలుమూలల నుంచి నర్తకులను పిలుస్తున్నారు, రెండోదానిలో నాట్యానికని కట్టిన మండపం క్యూలైన్ల పక్కన ఉంది. సింహాచలం శాసనాల్లో ఆడేవారు, పాడేవారు స్వామి కొలువులో భాగంగా కనిపిస్తారు. విశాఖ నాట్యోత్సవానికి ఇంతకన్నా పాత హక్కుపత్రం ఎవరు చూపించగలరు?

మువ్వ_మనవడు

గంగవంశం గారు చెప్పింది బాగుంది. అయితే కోణార్క్‌లో పూజ లేదు, అది పురావస్తు శాఖ ఆధీనంలోని కట్టడం. సింహాచలం నిత్యపూజలున్న దేవస్థానం. అక్కడ దేవాదాయ శాఖ, వైదికులు, ధర్మకర్తలు, ఆగమం (గుడి పూజా నియమాలు) అన్నీ మాట్లాడతాయి. చిదంబరంలో 1981 నుంచి శివరాత్రికి నాట్యాంజలి జరుగుతోందంటే అది నటరాజు సన్నిధి కనుక నర్తకులు మొక్కుగా ఆడతారు, చూసేవారు భక్తులుగా కూర్చుంటారు. పర్యాటక శాఖ టికెట్‌తో దాన్ని పోల్చలేం.

గంగవంశం

మండపంలోనే ఆడాలని నేను అనలేదు. కొండ కింద గానీ, గుడి గోపురం కనబడే మరేదైనా ఖాళీలో గానీ వేదిక వేయవచ్చు. ఒక సంగతి మాత్రం దాచకూడదు. ఆ మండపంలో ఒకప్పుడు ఆడిన స్త్రీల వారసులకు ఈ నాట్యం మీద ఏ హక్కూ మిగల్లేదు. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీ అంకితాలను నిషేధించింది. అది మంచికే వచ్చింది, కానీ దానికి ముందే ఆ స్త్రీల ఆటను మానిపించాలన్న నాచ్ వ్యతిరేకోద్యమం వారిని సభల నుంచి తరిమింది. ఆ ఆటలో కొంత భాగాన్ని నటరాజ రామకృష్ణ గారు ఆంధ్రనాట్యం పేరుతో మళ్లీ వేదికకు తెచ్చారు. ఈ నగరంలో ఉత్సవమంటూ పెడితే ఆ సంప్రదాయానికి ఒక సాయంత్రం కేటాయించకుండా శిల్పాల గురించి గర్వంగా మాట్లాడటం బాగుండదు.

తప్పెటగుళ్లు

నేను విజయనగరం జిల్లా వాడిని, ఉద్యోగం విశాఖలో. మీరంతా శాస్త్రీయం అన్న మాట పట్టుకుని కూర్చున్నారు. ఛాతీకి రేకు పళ్లేలు కట్టుకుని వాటిని కొడుతూ గంగమ్మ కథ ఆడే మా బృందాలు ప్రభుత్వానికి ఎప్పుడు గుర్తొస్తాయో తెలుసా? మంత్రుల కాన్వాయ్ వచ్చేటప్పుడు. విమానాశ్రయం బయట ఎండలో గంటల తరబడి నిలబెట్టి, కార్లు దిగగానే ఆడమంటారు, కార్లు వెళ్లగానే ఆపేయమంటారు. అరకు నుంచి థింసా ఆడే గిరిజన మహిళలనూ అంతే. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ తనకంటూ పేరిణిని, బతుకమ్మను ముందుకు తెచ్చుకుంది, మనవాళ్లు కూచిపూడిని మరింత గట్టిగా పట్టుకున్నారు. దానిని తప్పు పట్టను. కానీ కృష్ణా జిల్లా గ్రామం పేరున్న నాట్యమే మొత్తం ఆంధ్ర గుర్తుగా తీసుకుని, ఉత్తరాంధ్ర గడ్డ మీద జరిగే ఉత్సవంలో ఉత్తరాంధ్ర ఆటకు వాకిట్లో చోటిస్తే మేమెందుకు చప్పట్లు కొట్టాలి?

మువ్వ_మనవడు

తప్పెటగుళ్లు గారూ, మా తాతలది కూచిపూడి పక్కనే ఉన్న మువ్వ ప్రాంతం కనుక ఒక మాట చెప్పనివ్వండి. కూచిపూడికి గద్దె ఎవరూ ఊరికే వేయలేదు. 1958లో ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీ జరిపిన నాట్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయమా కాదా అన్నది వాదంగా నడిచింది. ఆ మరుసటి ఏడాది హైదరాబాదులో మనవాళ్లే సదస్సు పెట్టి తమ వాదన వినిపించుకోవలసి వచ్చింది. కొత్తగా ఏర్పడిన భాషా రాష్ట్రానికి ఒక నాట్యం కావాలన్న రాజకీయ అవసరం కూడా అందులో ఉందని ఒప్పుకుంటాను, మీ అనుమానంలో నిజం ఉంది.

అయితే ఆ అవసరం తీరాక ఏమైందో కూడా చూడండి. చినసత్యం గారు 1963లో అకాడమీ పెట్టింది మద్రాసులో. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంగీత నాటక, సాహిత్య, లలితకళా అకాడమీలను ఒక్క వేటుతో రద్దు చేసింది. వాటి పని 1985లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి అప్పగించారు, కూచిపూడిలోని కళాపీఠం కూడా దాని గొడుగు కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోతే ఆ విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉండిపోయింది, ఇప్పుడు దాని పేరు కూడా మారింది. అంటే ప్రభుత్వ గుర్తుగా ఎంచుకున్న నాట్యానికే ముప్ఫై ఏళ్లలో రెండుసార్లు ఇల్లు మారింది. ఉత్సవానికి ప్రభుత్వ నిధి కావాలి, కానీ దాని బతుకు ఒక ముఖ్యమంత్రి ఇష్టం మీద ఆధారపడకూడదు అని నేను అనడానికి కారణం ఇదే.

నట్టువాంగం

రికార్డుల గురించి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. 2016 డిసెంబరులో విజయవాడలో 6,117 మంది ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. 2024 ఫిబ్రవరిలో ఖజురహో ఉత్సవం యాభయ్యో ఏట 1,484 మందితో కథక్ ఆడించారు. ఆ మైదానంలో నిలబడటం పిల్లలకు ఒక సంబరం, కాదనను. కానీ అక్కడ ఎవరి ముఖమూ ఎవరికీ కనబడదు, లోపలి భావం ముఖంలో పలికే సాత్వికానికి చోటే లేదు, వరస తప్పకుండా చేయి లేపితే చాలు. ఈ గాలి చిన్న ఊళ్లకూ పాకింది. ఒక సంస్థ, పేరు చెప్పను, మా దగ్గరి పిల్లల నుంచి ప్రవేశ రుసుము, దుస్తుల రుసుము, ధ్రువపత్రం రుసుము విడివిడిగా వసూలు చేసి, ఎండలో నిలబెట్టి, ఏ పుస్తకంలోనూ కనబడని ఒక రికార్డు కాగితం చేతిలో పెట్టింది. తల్లిదండ్రులు ఇప్పుడు పిల్ల అడవు (నాట్యపు అడుగు) సరిగ్గా వేస్తోందా అని అడగరు, రికార్డు ఎప్పుడని అడుగుతారు. ప్రభుత్వాలకు ఇది ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసు: అంకె పత్రికలో పడుతుంది, వర్ణమనే నాట్యాంశం పడదు.

ఖజురహోకు న్యాయంగా ఒక మాట చేర్చాలి. 1975లో మొదలైన ఆ ఉత్సవం రికార్డు ఏడాదికి ముందూ వెనుకా కూడా ఒక్కొక్కరి నాట్యాన్ని నిలబెట్టి చూపిస్తూనే ఉంది. భోపాల్‌లోని అల్లావుద్దీన్ ఖాన్ సంగీత కళా అకాడమీ చేతిలో అది ఉండటమే దానికి కారణం.

వాల్తేరు_వ్యాఖ్యాత

అసలు రాజకీయం ఎవరూ ముట్టుకోలేదు. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది, 28న విశాఖ ఉత్సవ్‌కు అప్పటి ముఖ్యమంత్రి వచ్చారు. దారి పొడవునా మానవహారం. ఆ సాయంత్రం వేదిక మీద ఎవరు ఆడారో గుర్తున్నవారు ఇక్కడ ఒక్కరున్నా చెప్పండి. 2017 జనవరి 26న అదే బీచ్‌లో ప్రత్యేక హోదా కోసం కూర్చుంటామన్న యువతను అప్పటి ప్రభుత్వం పోలీసులతో ఆపించింది. దానికి కొద్ది నెలల ముందే విదేశీ తరహా బీచ్ ప్రేమోత్సవమని ఒక ప్రతిపాదన తెచ్చి, మహిళా సంఘాలు ఎదురు తిరిగితే వెనక్కి తగ్గింది. ఈ ఊళ్లో బీచ్ అంటే ప్రతి ప్రభుత్వానికీ తన బలం చూపించుకునే మైదానమే, 2025 జూన్‌లో మూడు లక్షల మందితో యోగా చేయించినప్పుడు కూడా అంతే. ఇక రుషికొండ సంగతి, పర్యాటక శాఖ రిసార్టు పడగొట్టి వందల కోట్లతో కట్టిన భవనాలు...

వేదిక_నిర్వాహకులు

రుషికొండ భవనాలపై విడిగా చర్చ నడుస్తోంది, ఆ భాగం అక్కడ రాయండి. ఏ పార్టీ వారైనా ఇక్కడ నాట్యోత్సవం గురించే మాట్లాడాలి.

మైకు_మాస్టారు

రాజకీయం సంగతి నాకు వద్దు, బీచ్‌లో శబ్దం పెట్టేవాడిగా చెబుతున్నాను. ఆర్కే బీచ్‌లో సాయంత్రం గాలి మైకులో పడితే మువ్వల సవ్వడి వినబడదు. పాదాల దగ్గర పెట్టే మైకులకు ఎన్ని స్పాంజ్ తొడుగులు వేసినా గాలి హోరే వస్తుంది. సముద్రపు తేమకు మృదంగం మూత వదులవుతుంది, ఒక అంశానికీ ఇంకో అంశానికీ మధ్య వాద్యకారుడు శ్రుతి సరిచేసుకోవాలి, ఆ రెండు నిమిషాలు వ్యాఖ్యాత మాట్లాడి నింపుతాడు. డిసెంబరులో ఎనిమిది దాటాక ప్లైవుడ్ మీద మంచు పడుతుంది, తివాచీ మీద ఇసుక చేరుతుంది. తరంగానికి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడిన పిల్ల ఆ తడి బల్ల మీద జరగాలంటే చూసే మాకే గుండె ఆగుతుంది. సినిమా పాటకు ఇవేవీ అడ్డు కావు. నాట్యానికి గురజాడ కళాక్షేత్రమో, కళాభారతో, ఉడా చిల్డ్రన్స్ ఎరీనానో మేలు.

ఆలివ్_రిడ్లీ

మాస్టారి మాటకు ఇంకో కారణం కలుపుతాను. శీతాకాలం ముగిసే వేళకు మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీ శాఖ ఆ గుడ్లను ఏరి సంరక్షణ కేంద్రాల్లో పొదిగిస్తుంది. రాత్రిపూట ఇసుక మీద పడే ఫ్లడ్‌లైట్లు పైకి వచ్చే తల్లినీ, సముద్రం వైపు వెళ్లే పిల్లలనూ దారి తప్పిస్తాయి. జనవరి తర్వాత బీచ్‌లో ఏ ఉత్సవమూ వద్దని నేను చాలాకాలంగా అంటున్నాను, నాట్యమైనా సరే.

పన్నుకట్టేవాడు

సరే, బీచ్ వద్దు, హాలులోనే పెడదాం అంటున్నారు. అయితే నా ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. హాలులో ఐదు రాత్రులు పెట్టి ఎవరిని పిలుస్తారు? మంత్రిగారి బంధువుల పిల్లలనా? ఎంపిక ఎవరు చేస్తారో చెప్పకుండా నిధి అడిగితే నేను ఒప్పుకోను.

బీచ్‌రోడ్డు_బాటసారి

ఆ ప్రశ్న న్యాయమైనదే, నాకు తోచిన దారి చెబుతాను. కోణార్క్‌లో డబ్బూ ఏర్పాట్లూ పర్యాటక శాఖవి. కార్యక్రమం తీర్చడంలో భువనేశ్వర్‌లోని గురు కేలూచరణ్ మహాపాత్ర ఒడిస్సీ పరిశోధన కేంద్రం వంటి కళాసంస్థ చేయి ఉంటుంది. మన దగ్గర ఆ రెండు పనులూ జిల్లా కలెక్టర్ కార్యాలయం నియమించే తాత్కాలిక కమిటీలే చేస్తాయి, కలెక్టర్ బదిలీ అయితే కమిటీ జ్ఞాపకం కూడా బదిలీ అవుతుంది. విజయనగరంలో 1919లో మొదలై ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా ఉన్న సంగీత కళాశాల, ఇక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇద్దరు ముగ్గురు బయటి నాట్యాచార్యులు కలిసి ఎంపిక సంఘంగా ఉండి, మూడేళ్ల కాలపరిమితితో పని చేస్తే బంధువుల పిల్లల బెడద తగ్గుతుంది. తప్పెటగుళ్లు గారి మాట ప్రకారం జానపద బృందాలు వాకిట్లో కాదు, అదే వేదిక మీద, అంతే పారితోషికంతో ఉండాలి. గంగవంశం గారు అడిగిన సాయంత్రం కూడా.

తేదీల గురించి ఆలోచించాను. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం, ఆ వారం హోటళ్లు నిండుగా ఉంటాయి. నెల మధ్య నుంచి చెన్నై మార్గళి కచేరీలు, మంచి వాద్యకారులంతా అక్కడే ఉంటారు. జనవరిలో సంక్రాంతి, ఫిబ్రవరిలో ఖజురహో. మిగిలింది డిసెంబరు 7 నుంచి 10. కోణార్క్ 5న ముగుస్తుంది, అక్కడ ఆడిన దక్షిణాది బృందాలు భువనేశ్వర్ నుంచి చెన్నై వెళ్లే రైలులో మన ఊరి మీదుగానే తిరిగి వెళతాయి. దారిలో దిగడానికి వారికి అదనపు ప్రయాణ ఖర్చు దాదాపు ఉండదు.

లాబీ_డెస్కు

7 నుంచి 10 మాకు చాలా బాగా సరిపోతుంది, నౌకాదళ దినోత్సవం వారు ఖాళీ చేసిన గదులు క్రిస్మస్ సెలవుల దాకా నిండవు.

తప్పెటగుళ్లు

తుపాను మాట మరిచిపోయారు. 2023లో మిచాంగ్ తీరం దాటింది డిసెంబరు 5న, బాపట్ల దగ్గర. హుద్‌హుద్ అక్టోబరులో వచ్చింది కనుక డిసెంబరు క్షేమం అనుకోవద్దు. హాలు లోపలే అని వినతిపత్రం మొదటి వాక్యంలోనే రాయండి. అదే పారితోషికం అన్న మాట కూడా కాగితం మీద ఉంటే నా పేరు, మా బృందం పెద్దల పేర్లు కలుపుతాను.

పన్నుకట్టేవాడు

ఎంపిక సంఘం పేర్లు, ఖర్చుల పద్దు ఉత్సవం అయ్యాక బయట పెడతామని రాస్తే నేనూ అభ్యంతరం చెప్పను. సంతకం మాత్రం ఆ పద్దు చూశాకే.

నట్టువాంగం

వినతిపత్రం ముసాయిదా నేను రాస్తాను, ఆదివారం లోపు ఇక్కడ పెడతాను. రెండు షరతులు అందులో ఉంటాయి. ఒకటి, ఏ బృందానికీ ముప్పావు గంటకు తక్కువ ఇవ్వకూడదు. రెండు, ప్రతి అంశానికీ నట్టువాంగం (తాళం వేస్తూ జతులు చెప్పడం), గాత్రం, మృదంగం, వేణువు, వయొలిన్‌తో ప్రత్యక్ష వాద్య బృందం ఉండాలి, దాని పారితోషికం ఉత్సవ నిధి నుంచే రావాలి, నర్తకి జేబు నుంచి కాదు. ట్రాక్ మీద ఆడించే ఉత్సవానికైతే నా సంతకం ఉండదు, అది డిసెంబరు 7 అయినా, మరే తేదీ అయినా. మైకు మాస్టారూ, పాదాల మైకులు హాలులో ఎన్ని కావాలో, ఎంత అద్దె పడుతుందో ఒక అంచనా పంపగలరా?